లాంచి వెనక వేలాడిన హరిగోలు

ఆ మనిషి పేరు నేనిక్కడ రాయను. రాస్తే అచ్చులో నిలిచిపోతుంది, అంత మర్యాద ఆయనకు చేసే ఉద్దేశం నాకు లేదు. డ్యాం మీద అందరూ సూపర్వైజరు అనేవాళ్ళు, నేనూ అలాగే అంటాను. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. పోయిన నెలలో ఒక మధ్యాహ్నం ఆయన కూతురు అనంతపురంలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. పేరు వసుంధర అంది. నాకంటే ఏడెనిమిదేళ్ళు చిన్నదై ఉంటుంది. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కి, ఆయాసపడుతూ కూర్చుంది. నా పుస్తకం అట్ట మీద ఊరి పేరు చూసి, తిప్పన్న కూతురిని నేనేనా అని ఆరా తీసిందట. కాఫీ ఇచ్చాను. ఒక్క గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టేసి, "అమ్మా, ఒక్క మాట అడగడానికే బెంగుళూరు నుంచి వచ్చాను. హరిగోలు తోలుకు నీళ్ళు కొట్టాలని మీరు ఆ రోజు మా నాన్నకు చెప్పారా, చెప్పలేదా?" అని అడిగింది. అరవయ్యేళ్ళుగా నన్నెవరూ అడగని ప్రశ్న అది. ఏం జరిగిందో ముందు మీకు చెప్తాను, ఆమెకేం చెప్పానో తర్వాత చెప్తాను.

మేము బెస్తవాళ్ళం. వానే పడని సీమలో బెస్తవాళ్ళకేం పని అని నవ్వేవాళ్ళు నవ్వుకోండి, మా ఊళ్ళోనూ నవ్వేవాళ్ళు. మా తాత తుంగభద్ర ఒడ్డు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. మా ఏరు ఏడాదికి రెండు నెలలు పారితే గొప్ప, ఆ రెండు నెలలూ మా నాయన హరిగోలులో జనాన్ని అటూ ఇటూ దాటించేవాడు. హరిగోలంటే గుండ్రటి పుట్టి. వెదురు బద్దలను పెద్ద గంపలాగా అల్లి, బయటి పక్క ఎద్దుతోళ్ళు కుట్టి, కుట్ల మీద తారు పూస్తారు. మిగతా పది నెలలు అది మా ఇంటి పంచలో బోర్లించి ఉండేది. ఇల్లంతా తోలు వాసన, తారు వాసన, వారానికోసారి పూసే కానుగ నూనె వాసన. నా బట్టలకూ జడకూ కూడా అదే పట్టేసేది. బడిలో నా పక్కన ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు, కూర్చోమని పంతులూ చెప్పేవాడు కాదు.

ఆ హరిగోలుకు మా ఇంట్లో ఒక మనిషికి జరిగినట్టే సేవలన్నీ జరిగేవి. తోలు ఎండితే బిరుసెక్కుతుంది, బిరుసెక్కిన తోలు బరువు పడగానే కుట్ల దగ్గర చీలిపోతుంది. అందుకని రోజూ దాన్ని తడపాలి, పైన తడి గోనెసంచులు కప్పాలి. మా అవ్వకు చూపు సరిగా ఆనేది కాదు. పొద్దున్నే వక్కాకు నోట్లో వేసుకుని పంచలోకి పాకి, వేలి కణుపుతో తోలు మీద కొట్టి వినేది. తడిగా ఉంటే దబ్బుమనేది, ఎండితే టక్కుమనేది. "దానికి దప్పి అయితాండాది, నీళ్ళు పొయ్యండే" అని అరిచేది. కరువు రోజుల్లో మా అమ్మ మైలు దూరం నుంచి నాలుగు కడవలు తెస్తే అందులో ఒకటి హరిగోలుకే పోయేది. "పిల్ల తల తడిసి నెల దాటింది, ఈ తోలుముండకు మాత్రం దినామూ తానమా!" అని అమ్మ తిట్టుకుంటూనే పోసేది. కపిలె తోలుకునే రైతులకు కూడా ఈ సంగతి తెలుసు. బావిలో నీళ్ళు తోడే తోలుబానను ఎండనిస్తే అదీ అంతే. మా పక్క చంటిపిల్లకు కూడా తెలిసిన సంగతి ఇది.

ఇంకొకటి మా తాత పెట్టిన కట్టు. గట్టు మీది పగ గట్టు మీదే వదలాలి, నీళ్ళలోకి దించకూడదు. ఎంత శత్రువైనా గట్టున నిలబడి పిలిస్తే హరిగోలెక్కించుకోవాలి. మా నాయన ఎవరిని ఎక్కించుకున్నా ముందు చేత్తో నీళ్ళు చిలకరించి, "గట్టు మీది మాట గట్టుకే" అనేవాడు. మా చెనిక్కాయలు దొంగిలించిన వాణ్ణి కూడా అలాగే దాటించాడు. నాకు మాత్రం ఆ మాట అప్పుడూ ఒంటబట్టలేదు, ఇప్పుడూ ఒంటబట్టలేదు.

నాకు పదమూడో ఏడు వచ్చేసరికి ఏటికి అడ్డంగా డ్యాం లేచింది, ఆ ఏడు అదృష్టం కొద్దీ నిండింది కూడా. నీళ్ళ మీద తిరిగి కట్టనూ తూములనూ చూసుకోవడానికి అధికారుల కోసం లారీ మీద ఒక లాంచి వచ్చింది. తెల్లరంగు, లోపల బెంచీలు, కిటికీలకు పరదాలు. ఊరు ఊరంతా చూడ్డానికి పోయింది. దాన్ని చూసుకునే పని సూపర్వైజరుది. ఆయనది కోస్తా, గోదావరి పక్క. "నీళ్ళలో పుట్టినవాణ్ణి నేను, మీకేం తెలుసయ్యా నీళ్ళంటే" అనేవాడు. మనిషి ఎర్రగా, ఇస్త్రీ బట్టల్లో ఉండేవాడు. మమ్మల్ని చూస్తే చేతిగుడ్డ తీసి ముక్కుకు అడ్డం పెట్టుకునేవాడు. ఆ అలవాటు డ్యాం మీద అందరికీ తెలుసు.

లాంచి ఒడ్డుకు రాలేకపోయింది. నిన్నటిదాకా పొలాలుగా ఉన్న చోట నీళ్ళు నిలిచాయి కదా, ఒడ్డు వెంబడి అంతా మునిగిన తుమ్మచెట్లు, రాతిగుండ్లు. అధికారులను దింపాలంటే లాంచికి తోడుగా చిన్న పడవ ఒకటి కావాలి. మొదట ఒక చెక్కపడవను తాడుతో వెనక కట్టి లాక్కుపోయారు. లాంచి వెనక్కి తిరిగేటప్పుడు ఆ తాడు పోయి కింది పంకాకు చుట్టుకుంది, సగం రోజు నీళ్ళ నడుమ నిలబడిపోయారు. తర్వాత పడవను లాంచి నెత్తిన పెట్టారు, గాలికి లాంచి పక్కకు ఒరిగింది. అప్పుడు మా నాయన పోయి చెప్పాడట, "సామీ, హరిగోలు తేలిక. ఎనక పక్క యాలాడదీస్తాం, చూడు" అని.

ఆ పదిహేను రోజులూ నాయన కమ్మరి కొలిమి దగ్గరే ఉన్నాడు. పాత బండిచక్రాల ఇనుప పట్టాలు కాల్చి, వంచి, రెండు చేతులు చేశాడు. లాంచి వెనక ఇటొకటి అటొకటి బిగించి, వాటి కొసలకు ఎండిన బావి మీది కపిలె గిలకలు తగిలించాడు. మొదటిసారి చేతులు పొట్టివై హరిగోలు పోయి చుక్కానికి కొట్టుకుంది. విప్పి మళ్ళీ కొలిమిలో పెట్టించాడు. అన్నం తినేటప్పుడు కూడా అదే ధ్యాస. సంగటి ముద్దను బోర్లించి, వేళ్ళతో ఎత్తిపట్టి, "ఇట్ల బోర్లిచ్చి యాలాడదీస్తే వాన నీళ్ళు నిలవవు. ఒకే ముడి లాగితే రెండు పక్కలా ఒకేమారు దిగుతాది" అని అమ్మకు చూపించేవాడు. అమ్మ, "ముందు దాన్ని నోట్లోకి దించు" అనేది. చివరికి కుదిరింది. రెండు తాళ్ళు లాగితే హరిగోలు లేచి లాంచి వీపుకు అతుక్కునేది, ముడి విప్పితే మెత్తగా నీళ్ళ మీద వాలేది. లాంచి పొగగొట్టం సరిగ్గా దాని కిందికే వస్తుందని, పైన ఎండ ఉండనే ఉందని, నాయన రోజూ నీళ్ళు కొట్టి తడిగోనెలు కప్పేవాడు. అందుకే ఆయనకు లాంచి మీద తాళ్ళూ తెడ్డూ చూసుకునే లస్కరు పని ఇచ్చారు. ఏటి దయ లేకుండా పన్నెండు నెలలూ మా ఇంట్లో పొయ్యి వెలగడం అదే మొదలు.

రెండో ఏడు పెద్ద ఇంజనీరు వచ్చాడు. కట్ట మీద జనంలో నేనూ అమ్మా ఉన్నాం. లాంచి వెనక ఆ ఏర్పాటు చూసి ఆయన ముచ్చటపడి, "ఇది ఎవరి ఆలోచన?" అని అడిగాడు. సూపర్వైజరు ముందుకొచ్చి, "నాదేనండీ. నేనే గీసి చేయించాను" అన్నాడు. మా నాయన నోట్లో నాలుక లేని మనిషి. ఆ రోజు మాత్రం తాడు చేతిలో పట్టుకునే, "నేను చేసిండేది సామీ అది. కమ్మరి నాగప్పను అడుగు" అన్నాడు. సూపర్వైజరు ఒక్క నిమిషం కూడా తడబడలేదు. "పొద్దున్నే తాగొస్తాడండీ, మీరేం అనుకోకండి" అని నవ్వాడు. పెద్ద ఇంజనీరూ నవ్వాడు, చుట్టూ ఉన్నవాళ్ళందరూ నవ్వారు. మా నాయన జన్మలో తాగిన మనిషి కాదు. ఆయన చేతిలోని తాడు కిందికి జారిపోవడం నేను చూశాను.

మరుసటి రోజు పనిలోంచి తీసేశారు. హరిగోలు తెచ్చుకుంటానంటే అది సర్కారు సొత్తు అన్నారు. మా తాత కుట్టిన హరిగోలు! నాయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అమ్మ వాకిట్లో నిలబడి డ్యాం వైపు మట్టి ఎగజిమ్మి, "సొమ్మొకనిది సోకొకనిది! వాని పాడె గట్ట, వాని నోట్లో మన్ను పడ!" అని గొంతు పోయేదాకా తిట్టింది. నేను తిట్టలేదు. నాకప్పుడు పద్నాలుగేళ్ళు, నాకు తిట్లు చాలవనిపించింది.

పదిపన్నెండు రోజుల తర్వాత నాయన కట్ట మీదికి పోయి, దూరం నుంచి లాంచిని చూసి వచ్చాడు. పెద్దవాళ్ళ కళ్ళకు మురికిగా కనిపిస్తాయని, కంపు కొడుతున్నాయని సూపర్వైజరు గోనెసంచులు తీయించేశాడట. చెక్కపడవల మనిషి, పడవ ఎంత పొడిగా ఉంటే అంత మంచిదనుకున్నాడు. హరిగోలు పది రోజులుగా ఎండలో, పొగగొట్టం వేడికి మాడుతూ ఉంది. నాయన నన్ను పిలిచాడు. "ఓబీ, నా మొగం చూస్తే గేటు కాడే తరుముతారు. నువ్వు పొయ్యి సామికి చెప్పిరా. తోలు ఎండిపోతాండాది, దినామూ నీళ్ళు కొట్టమను, గోనెలు తియ్యొద్దను. లేకుంటే నడిమికి పగులుతాదని చెప్పు" అన్నాడు. అమ్మ లోపలి నుంచి దూసుకొచ్చింది. "ఏమప్పా, సిగ్గుండాదా నీకు? మన బతుకులో మన్ను పోసినోనికి బుద్ధులు చెప్పి పంపుతావా? పగలనీ, మునగనీ!" అంది. "ఉండమ్మే. దాంట్లో కూసునేది వాడొక్కడే కాదు. గట్టు మీది పగ గట్టు మీదే" అన్నాడు నాయన.

పోయాను. రెండు మైళ్ళు ఎండలో నడిచి, దారి పొడుగునా ఆ మాటలే వల్లె వేసుకుంటూ పోయాను. దేవుడి తోడు, చెప్పాలనే పోయాను. షెడ్డు వరండాలో సూపర్వైజరు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఇంకెవరూ లేరు. నన్ను చూడగానే చేతిగుడ్డ ముక్కుకు వెళ్ళింది. "ఏంటే? కాళ్ళు పట్టుకోమని పంపాడా మీ తాగుబోతు?" అన్నాడు. నా నాలుక మీది దాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. ఆయన బూట్లను చూశాను, ఆయన వెనక నీళ్ళ మీద లాంచిని చూశాను, దాని వెనక తెల్లగా బిరుసెక్కిన మా తోలును చూశాను. "ఏం లేదు సామీ" అన్నాను. వెనక్కి తిరిగి వచ్చేశాను. ఇంటికొచ్చాక నాయన, "చెప్పినావా?" అని అడిగాడు. "చెప్పినా" అన్నాను. "ఏమన్యాడు?" "ముక్కు మూసుకొని పొమ్మన్యాడు." ఆ రాత్రి నాకు హాయిగా నిద్ర పట్టింది.

వారానికి పెద్ద ఇంజనీరు మళ్ళీ వచ్చాడు. ఆ సంగతి తెలిసి నాయన ఉండబట్టలేక ఒడ్డుకు పోయి ఒక గుండు మీద కూర్చున్నాడు, నేను పక్కనే నిలబడ్డాను. లాంచి అవతల లోతులో ఆగింది. ముడి విప్పారు, హరిగోలు నీళ్ళ మీద వాలింది. అవ్వ అక్కడ లేదు గానీ, ఉండి ఒక్కసారి వేలితో కొట్టి ఉంటే టక్కుమనేది. సూపర్వైజరు, పెద్ద ఇంజనీరు, తెడ్డు వేసే కొత్త లస్కరు, ముగ్గురూ ఎక్కారు. ఒడ్డుకు సగం దూరం వచ్చారో లేదో, గుడ్డ చించినట్టు చప్పుడైంది. ముగ్గురూ నిలువునా నీళ్ళలోకి దిగిపోయారు. పెద్ద ఇంజనీరు టోపీ ఒక్కటే పైన తేలింది. కొత్త లస్కరుకు ఈత వచ్చు, ఇంజనీరును పట్టుకున్నాడు. నీళ్ళలో పుట్టిన మా సూపర్వైజరుకు మాత్రం ఈత రాదు! చేతులు కొట్టుకుంటూ, ఇస్త్రీ చొక్కా బుడగలాగా లేచి, "అమ్మా, అమ్మా" అని అరుస్తున్నాడు. నేను నవ్వాను. దాచడం దేనికి, పొట్ట పట్టుకుని నవ్వాను.

నా నవ్వు ఆగకముందే నాయన దూకాడు. సూపర్వైజరు అప్పటికే మునిగాడు. ఆయన కోసం నాయనా మునిగాడు. కింద తుమ్మచెట్లు ఉన్నాయని నాకు తెలుసు. నీళ్ళు మూసుకుపోయాయి, ఎంతకీ ఎవరూ లేవలేదు. గంగమ్మకు మొక్కాను, నాయన లేస్తే నిజం చెప్పేస్తానని మొక్కాను. నాయన లేచాడు, సూపర్వైజరు జుట్టు పట్టుకుని లేచాడు. వీపంతా ముళ్ళు చీరి నెత్తురు కారుతూ ఉంది. ఆ వీపు చూశాక నా మొక్కు నాకు గుర్తు లేదు.

ఒడ్డున పెద్ద ఇంజనీరు కంబళి కప్పుకుని వణుకుతూ, "ఈ తోలు ఎండితే పగులుతుందని మీకెవరూ చెప్పలేదా?" అని గద్దించాడు. సూపర్వైజరు నీళ్ళు కక్కుతూ, "ఎవరూ చెప్పలేదండీ" అన్నాడు. నాయన వీపు తుడుచుకోకుండానే, "చెప్పి పంపినా సామీ. ఇదో, నా బిడ్డనే పంపినా" అన్నాడు. "ఈ పిల్ల వచ్చిందండీ, నిలబడింది, ఏం లేదని పోయింది! నా కూతురి మీద ఒట్టండీ! నా వసు మీద ఒట్టు!" అన్నాడు సూపర్వైజరు. అక్షరం అక్షరం నిజం. ఆ మనిషి నోటి నుంచి నేను విన్న నిజం అదొక్కటే. అందరూ నా వైపు తిరిగారు. పెద్ద ఇంజనీరు, "చెప్పమ్మా, భయపడకు" అన్నాడు. నాకేం భయం లేదు. "చెప్పినా సామీ. నీళ్ళు కొట్టమన్యాడు మా నాయన అని చెప్పినా. ముక్కు మూసుకొని పొమ్మన్యాడు" అన్నాను. ముక్కు మూసుకోవడం అందరూ ఎరిగిందే కదా, ఎవరికీ అనుమానం రాలేదు. ఆయన ఏడ్చాడు, నేల మీద కొట్టి ఏడ్చాడు. కట్ట మీద మా నాయన నిజాన్ని చూసి నవ్వినట్టే, ఆయన నిజాన్ని చూసి కూడా నవ్వారు.

ఆయన్ను ఎక్కడికో దూరానికి, చిన్న పనికి పంపించారు. నాయనకు లస్కరు పని తిరిగి వచ్చింది, బతికినన్నాళ్ళూ చేశాడు. కొత్త తోలు కుట్టి హరిగోలును మళ్ళీ ఆ ఇనుప చేతులకే తగిలించాడు. ఎవరు చేశారని మాత్రం మళ్ళీ ఎవరూ అడగలేదు. ఒకసారి నూనె పూస్తూ, "ఓబీ, వాడు నిజంగా ముక్కు మూసుకొన్యాడా?" అని అడిగాడు. "మూసుకొన్యాడు నాయనా" అన్నాను. ఆయన రెండో ప్రశ్న అడగలేదు. గుడ్డను మళ్ళీ నూనెలో ముంచుకున్నాడు.

ఇప్పుడు అక్కడ పెద్దగా ఏమీ లేదు. హరిగోళ్ళకు ప్లాస్టిక్ పట్టాలు చుడుతున్నారు, వాటికి దప్పి లేదు, నూనె అక్కర్లేదు. లాంచి ఎప్పుడో తుక్కు కింద పోయింది. పిల్లల స్నానం ఆపి పడవకు నీళ్ళు పోసిన ఇల్లు ఒకటుండేదని చెప్తే మా మనవరాలు నమ్మదు. ఆ రోజులు మంచివని నేననను. నా జడ వాసనకు దూరం జరిగిన రోజులవి. కాకపోతే ఒక వస్తువును ఎవరు చేశారో దాన్ని వాడేవాళ్ళకు అప్పుడు తెలిసేది. తెలిసీ వేరేవాడి పేరు చెప్పడానికి గుండె ధైర్యం కావాల్సి వచ్చేది.

వసుంధర కాఫీ చల్లారిపోయింది. "నాకు జ్వరమొచ్చినా, పరీక్ష తప్పినా, తర్వాత కడుపు పోయినా, మా అమ్మ నాన్నతో ఒకటే మాట అనేది. బిడ్డ మీద అబద్ధపు ఒట్టు వేశావు, అదే తగిలిందని. నాన్న పోయేటప్పుడు కూడా, ఆ పిల్ల నాకు చెప్పలేదే వసూ అన్నారు. నాకీ వయసులో ఎవరి మీదా కోపం లేదమ్మా. ఆయన ఒట్టు నిజమో కాదో తెలిస్తే చాలు" అంది. కళ్ళు తుడుచుకుంది. నేనూ ఆడదాన్నే. నిజం చెప్పేద్దామనే నోరు తెరిచాను. తెరిచినదాన్ని, ముందు ఒక మాట అడిగాను. "లాంచి వెనక హరిగోలును ఎత్తిన ఆ ఇనుప చేతులు ఎవరు చేసినారని చెప్పేవాడమ్మా మీ నాన్న?" ఆమె ముఖం వెలిగింది. "ఆయనేనమ్మా! ఆయన డిజైనే! లాంచి ముందు నిలబడిన ఫోటో మా హాల్లో ఇప్పటికీ ఉంది. కింద పేరు కూడా రాయించాం" అంది.

"చెప్పినా తల్లీ" అన్నాను. "ఒకటికి రెండుసార్లు చెప్పినా."

ఆమె లేచింది. గోడ పట్టుకుని మెట్లు దిగిపోయింది. నేను రాసినవన్నీ చదువుతానంది కాబట్టి ఇదీ చదువుతుంది. చదవనీ. చదివి మళ్ళీ రానీ. వచ్చేటప్పుడు ఆ ఫోటో కింది పేరు కొట్టేసి, బెస్త తిప్పన్న అని రాయించి, పటాన్ని చంకలో పెట్టుకుని రానీ. అప్పుడు ఎదురుగా కూర్చోబెట్టుకుని నా నోటితోనే చెప్తాను, మీ నాన్న నీ మీద వేసిన ఒట్టు నిజమేనని. అంతదాకా ఆ ఒట్టు బరువు ఆ ఇంట్లోనే ఉండనీ.